బురుజుగాడు పడవెక్కిన కథ

కర్నూలు,
ఆదివారం

రేయ్ మద్దీ,

నీ ఉత్తరాలకు జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, కానీ కోపం మాత్రం పెట్టుకోవద్దప్పా. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్లు అట్లే ఉన్నాయి, తమ్ముడికి ఆదోనికి ట్రాన్స్‌ఫర్ అయింది, ఉల్లిగడ్డ రేటు మాత్రం అడగొద్దు. వార్తలు ఇంతే. ఇప్పుడు అసలు సంగతి విను, ఇది నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు.

మన కుక్క బురుజుగాడు తెరచాప పడవ ఎక్కాడు!

అమ్మకు సంగమేశ్వరం మొక్కు ఉంది కదా. ఎండాకాలం నీళ్లు తగ్గి గుడి బయటపడ్డాక పోదామంటే వినదు, శ్రావణంలోనే తీర్చాలంట. శ్రావణంలో గుడి యాడుంటుంది? శ్రీశైలం డ్యాం 885 అడుగుల దగ్గరికి వస్తే శిఖరంతో సహా నీళ్లకిందే. ‘పైనుంచే టెంకాయ కొడతా’ అంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి బకెట్ నిండకముందే కొళాయి కట్టేసే మనిషి! దేవుడి మీద భక్తి ముందు ఏ భయమూ నిలవదేమో... సరే, అది వేరే కథ.

బురుజుని ఇంట్లో వదిలితే ఏమవుతుందో నీకు చెప్పాలా? ఆ ఎడమకాలి చెప్పు ఇంకా దొరకలేదు. అందుకే వెంట తీసుకుపోయినాం. ముచ్చుమర్రి దగ్గర ఇంజన్ బోటు మాట్లాడుకున్నాం. మాకు లైఫ్ జాకెట్లు ఇచ్చారు, వాడికి చిన్నపిల్లలది తొడిగి పొట్టకింద తాడు కట్టినాం. పోయేటప్పుడు పడమటి గాలి వెనకనుంచి తోస్తుంటే సాఫీగా పోయినాం. ఏడు నదులు కలిసేచోట అమ్మ టెంకాయ కొట్టి దండం పెట్టుకుంది. ఇంజన్ అప్పుడే మొరాయించింది. బోటాయన తాడు లాగీ లాగీ చెమటలు కక్కినాడు. అమ్మ నావైపు చూసిన చూపు ఎట్లాంటిదంటే, మన లెక్కల సారు సప్లిమెంటరీ లిస్టు చదివేటప్పటి చూపు.

అప్పుడొచ్చాడు ఒక ముసలాయన. శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఇక్కడే ఒడ్డున గుడిసెలు వేసుకుని చేపలు పట్టే వాళ్లున్నారు కదా, ఆయన వాళ్లలో ఒకడు. యూరియా సంచులు కుట్టి చేసిన తెరచాప! బోటాయన ఇంకో బోటు కోసం అక్కడే ఉండిపోయాడు, మేం ఈ పడవలోకి మారినాం.

ఇక్కడే ఉంది తమాషా. వెనక్కి పోయేది గాలికి ఎదురు కదా, తిన్నగా పోవడం కుదరదు. ఆయన కాసేపు ఏటవాలుగా కుడి ఒడ్డు వైపు, మళ్లీ చాప తిప్పి ఎడమ వైపు, ఇట్లా మలుపులు కొట్టుకుంటూ పోయాడు. పడవ పక్కకు జారిపోకుండా ఒక పలకను నీళ్లలోకి దింపాడు. చూస్తూ కూర్చోవచ్చు రా, ఇంజన్ చప్పుడు లేదు, కిరోసిన్ వాసన లేదు. కానీ గంటలు గడిచిపోతున్నాయి, బురుజు మాత్రం ఒంటికి పోవడం లేదు! అమ్మ వాడికి ఇంట్లో పోస్తే చీపురుకట్టే అని నేర్పింది. వాడి లెక్కలో పడవ కూడా ఇల్లే. తిరుగుతాడు, మూలుగుతాడు, నా మొహం చూస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. నాకు ఒకటే టెన్షన్. ‘పోస్తే పోయనీ, ఏమీ అననులే నాయనా’ అని అమ్మ చేతులు జోడించి బతిమాలుతోంది, నీమీద ఒట్టు.

ముసలాయన నవ్వి, పడవ ముందు భాగంలో ఉన్న పాత గోనెసంచి చూపించాడు. అది ఆయన కుక్కదంట. రోజూ పడవలోనే తిరుగుతుంది కాబట్టి దానికి ఆ సంచి అలవాటు చేశాడు, ఆరోజు మాత్రం గుడిసె దగ్గర వదిలి వచ్చాడంట. ‘వాసన తెలిస్తే పోస్తాదిలే బాబూ’ అన్నాడు. బురుజు పోయి మూడువైపులా వాసన చూశాడు, గంభీరంగా ఆలోచించాడు, కాలెత్తాడు.

ఎంతసేపు రా! అమ్మ ‘శంభో’ అంది. నేను చప్పట్లు కొట్టినా. ముసలాయన చుక్కాని వదిలేసి నవ్వుతుంటే చాప పటపటా కొట్టుకుని పడవ వంకర తిరిగింది. నువ్వుండాల్సింది. ఆ ‘మైసూర్‌పాక్ సాక్షి’ రోజు కూడా ఇంత నవ్వలేదు.

ఒడ్డుకు చేరేసరికి పొద్దు వాలింది. ముసలాయన డబ్బులు వద్దన్నాడు. అప్పుడు అమ్మ తన సంచిలోంచి తీసి ఇచ్చింది చూడు, నువ్వు నమ్మవు, అది ఏందంటే... అయ్యో, ఆదోని బస్సుకు టైమైందని తమ్ముడు గేటు దగ్గర అరుస్తున్నాడు, ఈ కవరు వాడే పోస్టు చెయ్యాల. మిగతాది ఇంకో దాంట్లో రాస్తా.

నీ,
బండోడు