ఒక్కో భవనానికి కాదు, దారి మొత్తానికి ట్రాఫిక్ లెక్క వేయాలి

సంపాదకుడికి,

పెద్ద అపార్ట్‌మెంట్లకు, మాల్స్‌కు అనుమతి ఇచ్చే ముందు ట్రాఫిక్ ప్రభావ అధ్యయనం జరగాలన్న నిబంధన చాలా నగరాల్లో ఉంది. అయినా జనం చేరిన కొన్నాళ్లకే ఆ భవనాల ముందు జంక్షన్లు జామ్ అవుతున్నాయి. అధ్యయనాలు జరుగుతున్నాయి, జరిగే తీరే సరిగా లేదు.

ఒకే రోడ్డు మీద ఐదు ప్రాజెక్టులు వస్తే ఐదుగురు బిల్డర్లు ఐదు నివేదికలు ఇస్తారు. ప్రతి నివేదికా తన గేటులోంచి వచ్చే బండ్లనే లెక్కపెట్టి 'ప్రభావం స్వల్పం' అంటుంది. విడిగా చూస్తే అది నిజమే కావచ్చు. కానీ ఆ బండ్లన్నీ చేరేది ఒకే కూడలికి. పైగా ఆలస్యం బండ్ల సంఖ్యకు తగ్గట్టు నిదానంగా పెరగదు. అమెరికా రోడ్ల శాఖ 1964లో ఇచ్చిన ఒక సూత్రాన్ని ప్లానర్లు ఇప్పటికీ వాడతారు. దాని ప్రకారం రోడ్డు సామర్థ్యం మేరకు నిండినప్పుడు, ఖాళీ రోడ్డుతో పోలిస్తే ప్రయాణ సమయం 15 శాతమే పెరుగుతుంది. అదే సామర్థ్యానికి ఒకటిన్నర రెట్లు బండ్లు వస్తే దాదాపు 76 శాతం పెరుగుతుంది. మొదటి బిల్డర్‌కు అడ్డు చెప్పకుండా ఐదో బిల్డర్ దగ్గర మేలుకుంటే లాభం లేదు, అది న్యాయమూ కాదు. దారి మొత్తానికి నగర పాలక సంస్థే అధ్యయనం చేయించి, ఆ ఖర్చును బిల్డర్లందరి నుంచీ వాటాల ప్రకారం వసూలు చేయాలి. బిల్డర్ డబ్బిచ్చి పెట్టుకున్న కన్సల్టెంట్ బిల్డర్‌కు నచ్చని మాట రాస్తాడని ఆశించలేం.

ఏ అంకెలు వాడుతున్నారన్నదీ చూడాలి. ఒక భవనం నుంచి ఎన్ని ప్రయాణాలు పుడతాయో చెప్పే పట్టికల్లో బాగా పేరున్నది 1976లో అమెరికాలో మొదలైంది. పార్కింగ్ ఉచితంగా దొరికే, బస్సులు పెద్దగా లేని శివార్లలో లెక్కించిన అంకెలే అందులో ఎక్కువ. జనం నడిచే, బస్సెక్కే, బైకుల మీద తిరిగే చోటికి వాటిని తెచ్చి అతికిస్తే లెక్క ఎలా సరిపోతుంది? రోజంతా వచ్చిపోయే డెలివరీ బండ్లు, గేటు ముందే ఆగే స్కూలు బస్సులు చాలా నివేదికల్లో కనిపించవు. ఉదయం ఊపిరాడనివ్వనిది మాత్రం అవే.

ఇక పరిష్కారం అనగానే రాసేది ఒక లేన్ వెడల్పు, ఒక యూటర్న్. రద్దీ వేళల్లో రోడ్డు ఎంత పెంచితే అంత నిండుతుందని అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే చెప్పారు. జంక్షన్ దగ్గర ఎంతసేపు ఆగాలన్న కొలతతోనే చూస్తే, అప్పటికే రద్దీగా ఉన్న రైలు స్టేషన్ పక్కన కట్టే ఇల్లు తప్పుగా, ఊరికి దూరంగా పొలాల్లో కట్టే ఇల్లు ఒప్పుగా కనిపిస్తుంది. కాలిఫోర్నియా ఇది గుర్తించి 2013లో చట్టం చేసింది. 2020 జులై నుంచి పర్యావరణ పరిశీలనలో ఆలస్యానికి బదులు, ప్రాజెక్టు వల్ల బండ్లు మొత్తం ఎంత దూరం తిరుగుతాయన్నది చూస్తున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో 1981లోనే నగర కేంద్రంలోని కొత్త ఆఫీసుల నుంచి ప్రజా రవాణా కోసం ఫీజు తీసుకోవడం మొదలుపెట్టింది. ఇళ్లు కావాలి, కట్టడం ఆపమని నేను అనడం లేదు. బస్టాపు, నడవడానికి ఫుట్‌పాత్, సరుకుల బండ్లు ఆగడానికి గేటు లోపల చోటు ఉంటేనే, జనం చేరడానికి అనుమతించే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వమంటున్నాను.

భవనం నిండాక మళ్లీ వెళ్లి లెక్కపెట్టేవారే లేరు. ఇదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. ఏడాది తర్వాత గేటు దగ్గర బండ్లను లెక్కించి నివేదికలోని అంచనాతో పోల్చాలి. తేడా ఎక్కువైతే బిల్డర్ ముందే కట్టిన డిపాజిట్ నుంచి ఆ జంక్షన్ బాగు చేయాలి. అధ్యయన నివేదికను కూడా అనుమతికి కనీసం నెల ముందు స్థానిక భాషలో బయటపెట్టి, ఆ రోడ్డు మీద ఉండేవాళ్ల అభ్యంతరాలకు రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు