రోడ్డు పక్క రెయిన్ గార్డెన్లకు ఈ సీజన్‌లో మేం ఇచ్చే మొక్కలు, ఇవ్వని మొక్కలు

కడియంలోని మా నర్సరీకి వచ్చే కస్టమర్లందరికీ నమస్కారం.

రోడ్డు మీద పారే వాననీరు పక్కనే నేలలోకి ఇంకేలా తీసే పల్లపు మడుల కోసం, అంటే రెయిన్ గార్డెన్ల కోసం, చాలామంది మొక్కలు అడుగుతున్నారు. ఈ సీజన్ నుంచి వాటికి మన ప్రాంతపు మొక్కలే ఇస్తాం. కోనోకార్పస్ చెట్టు, నేల మీద పాకే సింగపూర్ డైసీ ఇవ్వం. రెండూ బాగా అమ్ముడుపోయే సరుకే, అయినా వద్దనుకున్నాం. కోనోకార్పస్ నాటడాన్ని గుజరాత్ 2023లోనే నిషేధించింది. డైసీ మడిలో ఆగదు, కాలువ గట్టు దాకా పాకుతుంది. గుర్రపుడెక్క కూడా పూలు అందంగా ఉన్నాయనే బయటినుంచి వచ్చింది. ఇప్పుడు మన కాలువల గతి చూస్తున్నారు కదా.

మొక్కలు కొనేముందు అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు పోసి చూడండి. మనది బంకమట్టి, నీరు తొందరగా ఇంకదు. రెండు రోజుల్లో ఖాళీ కాకపోతే ఇసుక, కంపోస్టు కలపాలి, మిగులు నీరు డ్రెయిన్‌లోకి పోయే దారి పెట్టాలి. వారం దాటి నిలిస్తే దోమలు ఖాయం. గొయ్యిలో అడుగునుంచే నీరు ఊరుతుంటే మాత్రం అక్కడ రెయిన్ గార్డెన్ పెట్టకండి. అలాంటి చోటికి మొక్కలు అమ్మడం మాకు ఇష్టం లేదు.

అక్టోబరు తుఫాను నీళ్లనీ, మే ఎండనీ ఒకే మొక్క తట్టుకోవాలి. అందుకే మడి అడుగున వట్టివేరు చెబుతాం. వేర్లు నిటారుగా ఆరేడు అడుగులు దిగి మట్టిని పట్టేస్తాయి. మధ్యలో సరస్వతి ఆకు బాగా అల్లుకుంటుంది. కానీ రోడ్డు నీళ్లలో బండ్ల ఆయిలు, మురికి ఉంటాయి కాబట్టి అక్కడి ఆకు కోసి తినొద్దు. వాలు మీద వావిలి నాటండి, పశువులు పెద్దగా ముట్టవు. గట్టు మీద కానుగ. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు నేలలకు గంగరావి మేలు. కరెంటు తీగల కింద మాత్రం చెట్లు వద్దు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది కణప. ఎర్రటి పూలు కుచ్చుల్లా వేలాడతాయి, నీళ్లలో నిలబడ్డా చెక్కుచెదరదు. మొక్కలు ఇంకా చిన్నవి, వచ్చే ఏడాదే ఇవ్వగలం.

మొదటి ఏడాది మడి పలచగానే కనిపిస్తుంది. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు వారానికి రెండుసార్లు నీళ్లు పోయాలి. వచ్చేటప్పుడు ఆ చోటు ఫొటో తీసుకురండి, నీరు ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పండి. వట్టివేరు పిలకలు ఇప్పుడే సిద్ధంగా ఉన్నాయి.