కారు మోసే ట్రాలీకి బ్రేకు ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

కడపలో కార్ల గ్యారేజీ నడుపుతున్నాను. రాయచోటి, పులివెందుల వైపు నుంచి చెడిపోయిన కార్లు మా దగ్గరికి ఎక్కువగా ట్రాక్టర్ ట్రాలీల మీదే వస్తాయి, ఈ మధ్య జీపుల వెనక తగిలించే చిన్న ట్రైలర్ల మీద కూడా తెస్తున్నారు. రికవరీ వ్యానుకు డబ్బులు ఎక్కువ, ఊర్లో ఎవరిదో ఒకరిది ట్రాక్టరు ఉండనే ఉంటుంది కాబట్టి ఎక్కించేస్తారు. అందులో తప్పేం లేదు. తాడు కట్టి లాక్కురావడం కంటే అది నయమే. ఇంజిను ఆగిపోయిన కారులో బ్రేకు రెండు మూడు సార్లు తొక్కేసరికి, పెడలును తేలిక చేసే బూస్టరు పని అయిపోతుంది, ఆ తర్వాత పెడలు మీద నిలబడినా బండి ఆగడం కష్టం, స్టీరింగు కూడా బరువెక్కిపోతుంది.

నేను రాస్తున్నది ఎక్కించే తీరు గురించి. ట్రాలీ మీద కారును ఎక్కడ నిలబెట్టామన్నది ఎవరూ చూడరు. ముందు ఇంజిను ఉన్న కారును రివర్సులో ఎక్కించారనుకోండి, బరువంతా ఇరుసు వెనక్కి పడుతుంది, ట్రాలీ ముందుభాగం పైకి తేలి, లాగే బండికి తగిలించే కొక్కెం దగ్గర పట్టు పోతుంది. అప్పుడు స్పీడు కాస్త పెరిగితే చాలు, వెనక ట్రాలీ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది, లాగే బండిని కూడా ఊపుతుంది. మొత్తం బరువులో ఇంచుమించు 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి. అంటే ట్రైలరు, కారు కలిపి 1,500 కిలోలుంటే కొక్కెం మీద 150 నుంచి 225 కిలోలు. ఇదెలా తెలుస్తుందని అడుగుతారు. ఊరి బయట వేబ్రిడ్జిలు ఉన్నాయి కదా, ట్రైలరును బండి నుంచి విప్పి మొత్తం ఒకసారి తూయించండి, తర్వాత చక్రాలు మాత్రమే కాటా మీద, కొక్కెం బయట ఆనేలా పెట్టి ఇంకోసారి తూయించండి, ఆ తేడాయే కొక్కెం మీద పడే బరువు. తక్కువైతే కారును కొంచెం ముందుకు జరపాలి, అంతే.

కట్టడం సంగతి కూడా చెప్పాలి. "గట్టిగా కట్టినాంలే అన్నా" అంటారు, చూస్తే బావి తాడు తీసుకుని బంపరుకు చుట్టి, చక్రాల వెనక రెండు రాళ్లు పెట్టి ఉంటారు. రోడ్డు మీద గుంత వచ్చిన ప్రతిసారీ కారు స్ప్రింగుల మీద కిందికీ పైకీ ఆడుతుంది, అలా ఆడినప్పుడల్లా బాడీకి కట్టిన తాడు వదులవుతుంది. నాలుగు టైర్ల మీదుగా రాచెట్ బెల్టులు (పిడి ఆడించి బిగించే పట్టీలు) వేసి బిగిస్తే ఆ బాధ తగ్గుతుంది. కారును గేరులో పెట్టి హ్యాండ్‌బ్రేకు వేయాలి, కొన్ని కిలోమీటర్లు వచ్చాక ఒకసారి ఆపి బెల్టులు మళ్లీ బిగించాలి. కొక్కెం పిన్నుకు లాకు ఉండాలి, ఇనుప చువ్వ దూర్చి వంచితే లాకు అయిపోదు. దాని కింద రెండు గొలుసులు ఇంటూ గుర్తులా అడ్డంగా వేస్తే, పిన్ను జారినా ట్రాలీ మూతి రోడ్డుకు గుచ్చుకోకుండా గొలుసుల మీద ఆగుతుంది. ఇంకో ముఖ్యమైన మాట, ట్రాలీ మీదున్న కారులో మనుషుల్ని కూర్చోబెట్టకండి, నేను పిల్లల్ని కూడా చూశాను, చెబితే నవ్వుతారు.

ఇవన్నీ సరిగ్గా చేసినా గువ్వలచెరువు ఘాట్ దగ్గర అసలు టెన్షన్ మొదలవుతుంది. రాయచోటి నుంచి కడపకు వచ్చేటప్పుడు అది దిగుడు, మలుపులు. మా వైపు నేను చూసే ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకు ఉండదు, ఆ బరువునంతా ట్రాక్టరు బ్రేకులే ఆపాలి. డీజిల్ మిగులుతుందని కొందరు న్యూట్రల్‌లో వదిలేస్తారు, ఇంతకంటే పిచ్చి పని ఇంకోటి లేదు. దిగుడు మొదలవకముందే చిన్న గేరులోకి వచ్చేయాలి, ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు. ట్రాలీ ఊగడం మొదలైతే కంగారుగా బ్రేకు తొక్కకూడదు, స్టీరింగు అటూ ఇటూ తిప్పకూడదు. నేరుగా పట్టుకుని యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే వేగం తగ్గేకొద్దీ అదే సర్దుకుంటుంది.

రాత్రి ప్రయాణాలైతే చెప్పనక్కర్లేదు, వెనక లైట్లు లేవు, రేడియం స్టిక్కరు లేదు, ఉన్నా బురదలో కనపడదు. వెనక ఎరుపు, పక్కల పసుపు స్టిక్కర్లకు ఎంత ఖర్చవుతుందో అందరికీ తెలుసు. అంతకంటే ఎక్కువ మనం ఒక పూట టిఫిన్‌కు పెడతాం.

రవాణా శాఖ వారిని రెండు విషయాలు అడుగుతున్నాను. హెల్మెట్ల కోసం బండ్లు ఆపినట్టే ట్రాలీల్ని కూడా ఆపి వెనక లైటు, పిన్ను, గొలుసులు చూడండి. రెండోది, మా ఊరి వెల్డింగు షాపుల్లో ట్రైలర్లు తయారు చేసేవాళ్లను ఒకసారి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడండి. వాళ్లు మంచి పనివాళ్లే, కొనేవాడు బ్రేకు అడగడు కాబట్టి పెట్టరు. బ్రేకు లేని ట్రైలరుకు రిజిస్ట్రేషన్ దగ్గరే అడ్డం పడితే వాళ్లే అలవాటు చేసుకుంటారు.

ఇట్లు,
ఒక గ్యారేజీ మెకానిక్, కడప