మా చెల్లి కళ్ళ విషయంలో సాయం చేసిన అందరికీ

నమస్కారం అండీ. మార్చిలో "మా చెల్లి చీకటి పడితే గోడలకి గుద్దుకుంటోంది, అద్దాల షాపులో మాత్రం చూపు బాగుందన్నారు, ఏం చేయాలి" అని అడిగింది నేనే. చాలామంది మునగాకు, క్యారెట్ పెట్టమన్నారు, ప్రేమతోనే చెప్పారు కాబట్టి ఏమీ అనను (నెలరోజులు ఇంటిల్లిపాదీ మునగాకు పప్పే తిన్నాం). ఆప్టోమెట్రీ (కళ్ళు పరీక్షించే కోర్సు) చదువుతున్న ఒక తమ్ముడు మాత్రం ఒకటే అడిగాడు, "అన్నా, తను కంచంలోకి చూస్తూ తింటున్నప్పుడు పక్కనున్న గ్లాసు కనబడుతోందా?" అని. ఆ రాత్రే గమనించాం. చేయి తగిలి గ్లాసు పడిపోయింది. మామూలుగా అయితే అమ్మ "కళ్ళు నెత్తికెక్కాయా" అనేది, ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు. పదేళ్ళుగా అదే మాటతో తిట్టాం మరి.

రెటీనా (కంటి లోపల వెనకవైపు వెలుతురుని పట్టుకునే పొర) డాక్టర్ దగ్గరికే వెళ్ళమన్నది కూడా ఆ తమ్ముడే. హైదరాబాద్‌లో చుక్కలు వేసి చూసి రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు. రెటీనా అంచుల్లో సాలీడు కాళ్ళలా నల్లటి మచ్చలు, దారాల్లా సన్నబడిన రక్తనాళాలు, మైనం రంగులోకి పాలిపోయిన కంటి నరం, అన్నీ ఫొటోలో చూపించారు. ఈఆర్‌జీ అని కంట్లోకి వెలుతురు మెరిపించి రెటీనా ఎంత స్పందిస్తోందో చూసే పరీక్ష ఉంది, అందులో గీత దాదాపు చదునుగా వచ్చింది. మసక వెలుతురులో చూడడానికి పనికొచ్చే రాడ్ కణాలు ముందు దెబ్బతింటాయి, అందుకే మొదట రేచీకటి, తర్వాత పక్కచూపు తగ్గుతూ తగ్గుతూ గొట్టంలోంచి చూస్తున్నట్టు అవుతుంది, మధ్యచూపు మాత్రం చాలామందికి ఏళ్ళ తరబడి నిలుస్తుందట. అద్దాల షాపులో చివరి వరస గడగడా ఎలా చదివిందో అప్పుడు అర్థమైంది. ఒక కంట్లో మధ్యలో వాపు ఉంటే చుక్కలు రాశారు, అది తగ్గింది. అదొక్కటే తగ్గేది, మిగతాది తగ్గదు.

అమ్మానాన్నలది మేనరికం. ఇద్దరిలోనూ ఒక్కో లోపమున్న జన్యువు ఉందని, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతని డాక్టర్ చెప్పాక అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. విజయనగరం నుంచి ఫోన్ చేసి "పిన్నిగారూ, ఇందులో మీ తప్పేముంది" అని గంటసేపు మాట్లాడిన నర్సు అక్కా, ఆ పూటే అమ్మ తిన్నది.

నెలలో చూపు తెప్పిస్తామన్న ఒక చోట నలభై వేలు కట్టబోతుంటే ఆపిన సార్‌కి ఏం చెప్పినా తక్కువే. 2017లో అమెరికాలో అనుమతి వచ్చిన జన్యు చికిత్స ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువు లోపానికే పనిచేస్తుందని, ముందు జన్యు పరీక్ష చేయించమని ఓపిగ్గా చెప్పారు. చేయించాం, చెల్లిది ఆ జన్యువు కాదు. బాధే, కానీ నలభై వేలు మిగిలాయి.

ఇంకొకటి. వికలాంగుల సర్టిఫికెట్‌కి వెళ్తే "అక్షరాలన్నీ చదువుతోందిగా, ఏం లోపం" అని పంపేశారు. చూపు విస్తీర్ణం 40 డిగ్రీల కన్నా తగ్గితే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అల్పదృష్టి కిందకే వస్తుందని, ఫీల్డ్ టెస్ట్ రిపోర్టు పట్టుకుని మళ్ళీ వెళ్ళమని చెప్పిన గుంటూరు అన్నా, చెల్లికి మిగిలింది 15 డిగ్రీలే, ఈసారి ఆ కాగితం చూశారు, కార్డు వచ్చింది.

ఇప్పుడు సాయంత్రం బస్టాపు నుంచి టార్చి వేసుకుని తనే వస్తోంది. నేను ఎదురెళ్తే కోప్పడుతోంది కూడా.

సార్, మీరు చార్జీలకని పంపిన ఆరు వందలు తిరిగి పంపుతానంటే జవాబివ్వట్లేదు. దయచేసి మీ ఫోన్‌పే నంబరు ఇన్‌బాక్స్‌లో పెట్టండి.