పొడవైన ఇంటిదారికి మంచు యంత్రం: ముందు అడగవలసిన ప్రశ్న

సంపాదకులకు నమస్కారం.

మంచు కురిసే దేశాలలో, పట్టణానికి దూరంగా విశాలమైన స్థలం కొనుక్కుని స్థిరపడిన తెలుగు కుటుంబాలు మీ పాఠకులలో కొన్నయినా ఉంటాయి. అలాంటి ఇళ్ళకు రహదారి నుంచి గుమ్మం దాకా వంద, రెండు వందల మీటర్ల సొంత దారి ఉండడం మామూలే. రహదారి మీది మంచును ప్రభుత్వ వాహనాలు తొలగిస్తాయి గాని, ఈ సొంత దారి భారమంతా ఇంటివారిదే. చలికాలానికి ముందు యంత్రం కొనబోయిన వారికి ఇంజను ఎన్ని హార్స్‌పవర్, యంత్రం నోరు ఎంత వెడల్పు అన్న రెండు సంగతులే ఎక్కువగా వినిపిస్తాయి. దారి కంకరదా తారుదా, గాలి ఎటు నుంచి వీస్తుంది, తీసిన మంచును ఎక్కడ వేస్తారు అని ఎదురు అడిగే అమ్మకందారులు అరుదు. నా అభిప్రాయంలో ఈ మూడింటిలో చివరి ప్రశ్నకు జవాబు దొరికాకే మిగతావన్నీ చూడాలి. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

ముందు పరిమాణం తెలియాలి. 150 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న దారి మీద 15 సెంటీమీటర్ల మంచు పడితే అది 67 ఘనపు మీటర్లు దాటుతుంది. అప్పుడే పడిన పొడి మంచు ఘనపు మీటరుకు 100 కిలోలే తూగుతుందనుకున్నా మొత్తం దాదాపు 7 టన్నులు. నీరు పట్టి బరువెక్కిన మంచు ఘనపు మీటరుకు 300 కిలోలు ఉండవచ్చు కాబట్టి, అదే దారి మీద, అదే లోతులో, 20 టన్నులు కూడా కావచ్చు. పారతో ఇంత మంచు ఎత్తడం సాధ్యమయ్యే పని కాదు, ఆరోగ్యానికి మంచిది అంతకన్నా కాదు. చలికి రక్తనాళాలు బిగుసుకున్న వేళ చేతులతో బరువులెత్తితే గుండె మీద ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్నవారు, వయసు మళ్ళినవారు ఆ పనికి పూనుకోకపోవడమే మేలు.

ఇక అసలు ప్రశ్న. యంత్రాలన్నీ చేసేది రెండే పనులు: నెట్టడం, లేదా విసరడం. పికప్ ట్రక్కుకో, ట్రాక్టరుకో, ఎగుడుదిగుడు నేల మీద నడిచే చిన్న నాలుగు చక్రాల బండి ఏటీవీకో తగిలించే బ్లేడు మంచును పక్కకు నెడుతుంది. పని త్వరగా అవుతుంది, చెడిపోయే భాగాలు తక్కువ. అయితే నెట్టిన మంచు దారి అంచునే గట్టుగా నిలబడిపోతుంది. రెండోసారి పడిన మంచును ఆ గట్టు మీదికే నెట్టాలి, మూడోసారీ అంతే. లోపల గడ్డకట్టిన గట్టు వెనక్కి జరగదు కనుక దారి వారవారానికీ ఇరుకవుతుంది. అందువల్ల బ్లేడు వాడేవారు మొదటి మంచునాడే, అది కొంచెమే అయినా సరే, దారి అంచు దాటించి వీలైనంత దూరం నెట్టి, రాబోయే నెలలకు చోటు మిగుల్చుకోవాలి. చలికాలంలో మంచు మధ్యమధ్య కరిగిపోయే ప్రాంతాలకు బ్లేడు చక్కగా సరిపోతుంది. మొదటి మంచు వసంతం దాకా కదలకుండా నిలిచే చోట, దారికి ఇరువైపులా చెట్లో కంచెలో ఉన్న చోట, సగం కాలం గడిచేసరికి నెట్టడానికి జాగా ఉండదు.

విసిరే యంత్రమైన స్నో బ్లోయర్ చరిత్ర కూడా ఈ ఇబ్బందితో ముడిపడినదే. కెనడాలోని క్విబెక్‌కు చెందిన ఆర్థర్ సికార్డ్ 1925లో రూపొందించిన యంత్రం మంచును లోపలికి లాక్కుని గొట్టం గుండా దూరంగా విసిరేది. మంచును దారి పక్కన పోగుపడనివ్వకుండా చెదరగొట్టడమే దాని గొప్పతనం. బయలు ప్రదేశంలో ఈ తేడా మరింత ముఖ్యం. గాలికి కొట్టుకొచ్చే మంచు, ఎక్కడ గాలి వేగం తగ్గితే అక్కడ రాలుతుంది. బ్లేడు కట్టిన గట్ల మధ్య దారి పల్లంగా మారి, ఆకాశం నుంచి చుక్క పడకపోయినా, పక్క పొలాల మంచుతో తెల్లవారేసరికి నిండిపోతుంది. బ్లోయర్‌తో తీసిన దారికి అంచులు తక్కువ ఎత్తులో ఉంటాయి కాబట్టి గాలి మంచును చాలావరకు దాటించి తీసుకుపోతుంది. గాలి వచ్చే దిక్కున మంచుకంచె కడితే శ్రమ ఇంకా తగ్గుతుంది. సగం వరకు సందులు ఉండే కంచె, నిండుగా మంచు పట్టినప్పుడు, తన ఎత్తుకు దాదాపు 35 రెట్ల దూరం దాకా మంచును మేట వేయిస్తుంది. అంటే 1.2 మీటర్ల కంచెను దారికి 40 మీటర్లకు పైగా ఎడంగా నాటాలి. దగ్గరగా నాటితే ఆ మేట దారి మీదే పడుతుంది.

బ్లోయర్లలోనూ ఎంపిక జాగ్రత్తగా చేయాలి. ఒకే దశలో పనిచేసే చిన్న యంత్రానికి రబ్బరు రెక్కలు నేలను తాకుతూ తిరుగుతాయి. గట్టి తారు లేదా సిమెంటు నేల మీద శుభ్రంగా ఊడ్చే ఆ యంత్రమే కంకర దారి మీద రాళ్ళను మంచుతోపాటు విసురుతుంది. ఆ రాయి కిటికీకి తగలవచ్చు, మనిషికీ తగలవచ్చు. రెండు దశల యంత్రంలో ముందున్న ఇనుప మర (స్క్రూలా తిరిగే భాగం) మంచును పోగుచేస్తే, వెనకున్న చక్రం దాన్ని గొట్టంలోంచి విసురుతుంది. ఆ మర నేలను తాకదు. పక్కలనున్న ఇనుప పాదాలను సర్దుకుని నోటిని నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున నిలిపితే కంకర కదలదు. అడుగున మిగిలిన పలచటి మంచు అణగి గట్టిపడి, కంకరను పట్టి ఉంచుతుంది. ఆ పొరను కూడా గీకేయాలన్న ఆత్రం వద్దు. నేల ఇంకా గడ్డకట్టని తొలి రోజుల్లో బ్లేడును కూడా ఇలాగే కాస్త ఎత్తి నడపాలి.

చేత్తో నడిపే రెండు దశల యంత్రం 60 సెంటీమీటర్ల వెడల్పు తీస్తుందనుకుంటే, 3 మీటర్ల దారికి అంచులు కలుపుకుంటూ ఆరు సార్లు తిరగాలి. పైన చెప్పిన దారికి అది 900 మీటర్ల నడక, అదీ చీకటిలో, ఎదురుగాలిలో. మనిషి తట్టుకోగలడా అన్నది ఇంటివారే నిజాయితీగా తేల్చుకోవాలి. అంతకుమించిన దారి అయితే, ఇంట్లో ట్రాక్టరు ఉంటే, దానికి తగిలించే బ్లోయర్ మేలు. వెనక తగిలించి పీటీఓతో (ఇంజను శక్తిని తగిలించిన పరికరానికి అందించే, ట్రాక్టరులోని తిరిగే ఇరుసుతో) నడిపేది సాదాగా, దృఢంగా ఉంటుంది కాని గంటసేపు మెడ వెనక్కి తిప్పుకుని కూర్చోవాలి. ముందు తగిలించేది ఖరీదెక్కువైనా చూపు సూటిగా ఉంటుంది. చిన్న ట్రాక్టర్లలో పీటీఓ సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరగాలి. మంచు మందంగా ఉన్నచోట ట్రాక్టరు నెమ్మదించాలే గాని బ్లోయర్ వేగం తగ్గకూడదు. అందుకే, ఇంజను వేగం తగ్గించకుండానే ట్రాక్టరు నడకను నెమ్మదింపజేసే హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ ఉన్న ట్రాక్టరు ఈ పనికి బాగా నప్పుతుంది. చక్రాలకు గొలుసులు, వెనక తగినంత బరువు లేకపోతే ఎంత శక్తి ఉన్నా జారడమే.

దారి మొదట్లో మరో చిక్కు ఉంటుంది. రహదారిని తుడిచిన వాహనం మన దారి మూతికి అడ్డంగా వదిలిన మంచు కుదించుకుపోయి, ఉప్పు తడి కలిసి, కొద్ది గంటల్లో రాయిలా మారుతుంది. రబ్బరు రెక్కలు దాని ముందు నిలవవు. ఇనుప మర ఉన్న యంత్రమే కావాలి, అది గట్టిపడకముందే వెళ్ళాలి. ఆ మంచును రహదారికి అవతలి వైపు నెట్టడం చాలాచోట్ల నేరం, అన్నిచోట్లా ప్రమాదం.

భద్రత విషయంలో ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. తడి మంచు గొట్టంలో ఇరుక్కున్నప్పుడు లోపల చెయ్యి పెట్టడం వల్ల వేళ్ళు పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. ఇంజను ఆపిన తరువాత కూడా బెల్టులో మిగిలిన బిగువు వల్ల ఇరుకు వదలగానే లోపలి చక్రం ఒక్క విసురు తిరగవచ్చు. ఇంజను ఆపి, అన్నీ నిలిచాక, యంత్రంతో వచ్చే పుల్లతోనే తీయాలి. ఇంట్లో యంత్రం నడిపే ప్రతివారికీ ఇది ముందుగా నేర్పాలి.

ఎంత మంచి యంత్రమైనా పెద్ద మంచు పడిన రోజే ఆగిపోవచ్చు. మరలో రాయి పడితే గేర్‌బాక్స్‌ను కాపాడటానికి తెగేలా చేసిన షియర్ బోల్టులు అదనంగా ఇంట్లో ఉండాలి. వాటి బదులు మామూలు బోల్టు బిగిస్తే పోయేది గేర్‌బాక్సే. నేల గడ్డకట్టకముందే దారి అంచుల వెంట మెరిసే పట్టీలున్న కర్రలు నాటుకోవాలి. అంబులెన్సుకు, అగ్నిమాపక వాహనానికి సరిపడే వెడల్పు చలికాలం చివరిదాకా నిలవాలి కాబట్టి, యంత్రం మొరాయించిన రోజు వచ్చి దారి తీసే పొరుగువారితోనో, కూలికి ఆ పని చేసేవారితోనో ముందే మాట్లాడి ఉంచుకోవాలి. మంచు పడ్డాక ఫోను చేస్తే వారికి అప్పటికే చేతినిండా పని ఉంటుంది.

చలికాలానికి కనీసం రెండు నెలల ముందు, కొనుగోళ్ళు మొదలయ్యే సమయంలో, ఈ లేఖకు మీ పత్రికలో చోటు ఇవ్వగలరని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు