ఎన్ని జీబీలని చెప్పే ముందు ఏ ర్యామో చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కంప్యూటర్ నెమ్మదించిందని కొత్తది కొనక్కర్లేదు, ర్యామ్ పెంచుకుంటే చాలు అని మీ టెక్నాలజీ పేజీలో అప్పుడప్పుడూ రాస్తుంటారు. ఆ మాట నిజమే. కానీ 8 జీబీ వేసుకోండి, 16 జీబీ వేసుకోండి అని చెప్పి అక్కడితో ఆపేస్తున్నారు, ఏ రకం ర్యామ్ వేయాలో మాత్రం చెప్పడం లేదు. చదివినవాళ్లు జీబీల అంకె ఒక్కటే గుర్తుపెట్టుకుని కొనడానికి వెళ్తారు. నేనూ అలాగే వెళ్లాను.

మా ఇంట్లో డెస్క్‌టాప్ 4 జీబీతో నడిచేది. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే మౌస్ కూడా కదిలేది కాదు. 8 జీబీ స్టిక్ ఒకటి తెచ్చి, క్యాబినెట్ విప్పి, ఖాళీ స్లాట్‌లో పెట్టి నొక్కితే దిగలేదు. కొత్తది కదా, బిగువుగా ఉందేమో అనుకుని రెండు బొటనవేళ్లతో ఇంకా గట్టిగా నొక్కాను. మదర్‌బోర్డు కిందికి వంగడం కళ్లారా చూశాక భయమేసి ఆపేశాను. అప్పుడు పాత స్టిక్ కూడా బయటికి తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. పొడవు ఒకటే. కానీ కింద బంగారు రంగు పిన్నుల వరుసలో ఒక చిన్న గాటు ఉంటుంది చూడండి, అది రెండింటికీ ఒకే చోట లేదు, కొన్ని మిల్లీమీటర్ల తేడా. పాతది డీడీఆర్3, అంటే ర్యామ్‌లో మూడో తరం, దానికి 240 పిన్నులు. నేను తెచ్చింది దాని తర్వాతి తరం డీడీఆర్4, దానికి 288. అమ్మినవాళ్లు మీది ఏ బోర్డు అని అడగలేదు, అడగాలని నాకూ తెలియదు.

ఆ గాటు జరిపి పెట్టింది ఒకదాని చోట ఇంకొకటి దూరకుండా ఉండాలనే. డీడీఆర్3 నడిచేది 1.5 వోల్టులతో, డీడీఆర్4 1.2తో, డీడీఆర్5 1.1తో. అందుకే స్లాట్ మధ్యలో ఉండే ఆ చిన్న ప్లాస్టిక్ అడ్డు వద్దంటే వద్దనే, బలం పెట్టకూడదు. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ పిన్నులు 288 అయినా గాటు వేరే చోట ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి కూర్చోదు. ప్రాసెసర్ పేరు చూసి కూడా నిర్ణయించుకోకూడదు. ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లు డీడీఆర్4తోనూ డీడీఆర్5తోనూ పనిచేస్తాయి కానీ మామూలుగా బోర్డు మీద స్లాట్లు ఏదో ఒక రకానివే ఉంటాయి. కాబట్టి చూడాల్సింది మదర్‌బోర్డు మోడల్ నంబరు. అది బోర్డు మీదే అచ్చువేసి ఉంటుంది. దాన్ని తయారుచేసినవాళ్ల సైట్‌లో వెతికితే ఏ రకం ర్యామ్, ఎంత వేగం, ఒక్కో స్లాట్‌లో గరిష్ఠంగా ఎన్ని జీబీలు అన్నీ ఉంటాయి, వాళ్లు పరీక్షించి చూసిన స్టిక్కుల జాబితా కూడా చాలాసార్లు దొరుకుతుంది.

క్యాబినెట్ విప్పడానికి భయపడేవాళ్లు విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే చాలు, ఎన్ని స్లాట్లు ఉన్నాయో, అందులో ఎన్ని నిండాయో, ఎంత వేగంతో నడుస్తోందో కనిపిస్తుంది. సీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అయితే డీడీఆర్ ఎన్నో కూడా చెబుతుంది. కాకపోతే అందులో 3200 వేగం అని కొన్న ర్యామ్‌కి 1600 దగ్గరే అంకె కనిపిస్తుంది, దానికి టెన్షన్ పడకండి. డీడీఆర్ అంటేనే ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపేది, ఆ 1600ని రెండింతలు చేస్తే మీ 3200 వచ్చేస్తుంది.

స్టిక్కర్ చదవడం మాత్రం అందరికీ రావాలని నా కోరిక. పీసీ3, పీసీ4, పీసీ5 అని ఉండే చోటే తరం తెలిసిపోతుంది. పీసీ4-25600 అని ఉంటే అదే 3200 ర్యామ్, 3200ని 8తో గుణించిన లెక్క అది. కొన్ని స్టిక్కర్ల మీద ఆ తర్వాత వచ్చే అక్షరం ఇంకా ముఖ్యం: యూ అంటే మామూలు డెస్క్‌టాప్‌ది, ఎస్ అంటే ల్యాప్‌టాప్‌ది, ఆర్ అంటే సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ర్యామ్. ఈ ఆర్ రకం పాత సర్వర్లలోంచి తీసినవి చవగ్గా దొరుకుతాయి, చూడ్డానికి అచ్చం మనదానిలాగే ఉంటాయి, డీడీఆర్4లో అయితే స్లాట్‌లోనూ దిగుతాయి, కానీ ఇంట్లో వాడే మామూలు బోర్డు వాటితో బూట్ అవ్వదు.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ముందు అసలు స్లాట్ ఉందో లేదో చూసుకోవాలి, పలుచటి మోడళ్లు చాలావాటిలో ర్యామ్ ఊడదీయడానికి వీల్లేకుండా బోర్డుకే సోల్డర్ చేసి (టంకంతో అతికించి) ఉంటుంది, పెంచడం కుదరదు. పాత డీడీఆర్3 ల్యాప్‌టాప్‌లలో ఇంకో చిక్కుంది. 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ మాత్రమే తీసుకునేవి ఉన్నాయి, వాటిలో 1.5 వోల్టుల స్టిక్ చక్కగా కూర్చుంటుంది కానీ స్క్రీన్ వెలగకపోవచ్చు. గాటు ఒకే చోట ఉంటుంది కాబట్టి అక్కడ ఆ ప్లాస్టిక్ అడ్డు మనల్ని కాపాడదు.

పాత స్టిక్ పక్కన కొత్తది వేస్తే వేగం తక్కువున్నదాని ప్రకారమే రెండూ నడుస్తాయి. 2400 పక్కన 3200 పెట్టి ఎక్కువ డబ్బులు పోయడం ఎందుకు? కుదిరితే ఒకే ప్యాక్‌లో వచ్చే జత కొనుక్కుంటే మంచిది. 16 జీబీది ఒక్కటి వేయడం కంటే 8 జీబీవి రెండు వేస్తే రెండు దారుల్లో ఒకేసారి డేటా పంపే డ్యూయల్ ఛానల్‌లో నడుస్తాయి, ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న కంప్యూటర్లలో ఆ తేడా బాగా తెలుస్తుంది.

చివరికి నేను డీడీఆర్3 స్టిక్కులు రెండు తెచ్చాను, ఒక్కోటి 4 జీబీ. రెండు వైపులా క్లిప్పులు టక్కుమని వాటంతటవే పడ్డాయి, పెద్దగా బలమే పెట్టలేదు. మొదట తెచ్చినది సీలు విప్పాం కాబట్టి వాపసు తీసుకోలేదు, అది ఇప్పటికీ సొరుగులో ఉంది.

మీరు మళ్లీ ర్యామ్ గురించి రాసేటప్పుడు జీబీల లెక్కతో పాటు, డీడీఆర్3, 4, 5 స్టిక్కులు ఒకదాని కింద ఒకటి పెట్టి గాట్లు స్పష్టంగా కనిపించేలా ఒక్క ఫోటో వేయండి. సగం పేజీ అక్కర్లేదు, ఒక కాలమ్ చాలు. జనం దాన్ని కత్తిరించి కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకుంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు