సమ్మరీ నాలుగో పేజీలో దాగిన నాడి

సంపాదకుడు గారికి,

బరువు తగ్గించే ఆపరేషన్ల హోర్డింగులు మా కర్నూలు లాంటి ఊళ్లలోనూ కనిపిస్తున్నాయి. ఒక పక్క 'ముందు' ఫొటో, ఇంకో పక్క 'తర్వాత' ఫొటో. ఈ రెంటి మధ్య ఉండే మొదటి నెల గురించే ఈ ఉత్తరం.

మా తమ్ముడు 134 కిలోలు, షుగర్ కూడా ఉంది. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాడు. కడుపులో ముప్పాతిక వంతు కోసి తీసేసి, మిగిలినదాన్ని పొడవునా స్టేప్లర్ పిన్నులతో మూసి అరటిపండంత గొట్టంలా ఉంచుతారు. మూడో రోజే డిశ్చార్జ్. ఇంగ్లిష్‌లో ఆరు పేజీల సమ్మరీ, ఒక ప్రోటీన్ పొడి డబ్బా చేతిలో పెట్టారు.

ఆరో రోజు రాత్రి ఎడమ భుజం లాగేస్తోందన్నాడు. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది, పొట్ట మాత్రం మెత్తగానే ఉంది. ఫైలు మీదున్న నంబర్‌కి చేస్తే బిల్లింగ్ కౌంటర్ వాళ్లు ఎత్తారు. వీధి చివర డాక్టరు గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ వేశారు. ఆయన్ని తప్పుపట్టను, ఇలాంటి కేసులు ఆయన దగ్గరికి ఎన్ని వస్తాయని? కరోనాలో కొన్న ఆక్సీమీటర్ సొరుగులో కనబడితే మా అమ్మాయి మామయ్య వేలికి పెట్టింది. ఆక్సిజన్ 96. హమ్మయ్య అనుకుని పడుకున్నాం. కింద ఇంకో అంకె ఉంది, 128. అదేమిటని ఎవరమూ అడగలేదు.

తెల్లారి అంబులెన్స్‌లో తీసుకెళ్తే, స్కాన్ చేసి పిన్నులు వేసిన చోట పైన లీకైందన్నారు. ఐసీయూ, లోపల చేరింది బయటికి తీసే గొట్టం (డ్రెయిన్), లీకును మూసే గొట్టం (స్టెంట్). నెల దాటాక ఇంటికొచ్చాడు. లావుగా ఉన్నవాళ్లలో పొట్ట గట్టిపడటం తెలియకపోవచ్చనీ, ముందుగా పట్టిచ్చేది నాడేననీ సర్జన్ గారు అప్పుడు చెప్పారు. పడుకుని ఉన్నా నాడి 120 దాటి దిగకపోతే లీకో, లోపల రక్తస్రావమో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డో అని అనుమానించి వెంటనే రావాలట. ఆక్సీమీటర్‌లో మేం అడగని ఆ 128 నాడి అంకే. "సమ్మరీలో రాశాం కదమ్మా" అని చూపించారు. నిజమే, నాలుగో పేజీలో ఉంది. 'టాకీకార్డియా' అని, అంటే నాడి మరీ వేగంగా కొట్టుకోవడం.

ఆపరేషన్ వద్దని నేననడం లేదు. తమ్ముడి షుగర్ మాత్రలు ఇప్పుడు సగానికి తగ్గాయి. లీకు కూడా నూటికి ఏ ఒకరికో వచ్చేదే. కానీ ఆ ఒక్కరికీ అది ఎక్కువగా ఇంటికి చేరాకే బయటపడుతుంది. ఇంటి దగ్గరుండేది సర్జన్ కాదు, మాలాంటి వాళ్లం.

అందుకే డిశ్చార్జ్ చేసేటప్పుడు పెద్ద అక్షరాల్లో ఒక్క పేజీ తెలుగులో ఇవ్వాలి. నాడి, జ్వరం, భుజం నొప్పి, ఆయాసం, కాలివాపు ఎప్పుడు ప్రమాదమో అందులో ఉండాలి. రోజుల తరబడి వాంతులైతే ఒంట్లో బీ1 విటమిన్ పడిపోతుంది. అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే దెబ్బ. ఆ సంగతి స్థానిక డాక్టరు కోసం రాసి ఉంచాలి. కనీసం 30 రోజులు, అర్ధరాత్రయినా ఆపరేషన్ చేసిన టీమ్‌లో ఎవరో ఒకరు ఫోన్ ఎత్తాలి.

ఆసుపత్రుల రిజిస్ట్రేషన్లు చూసేది జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారులే. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ దీన్ని ఒక షరతుగా పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. హోర్డింగు మీది నంబర్‌కి చేస్తే మొదటి రింగుకే ఎత్తుతున్నారు, నేను చేసి చూశాను.

— ఒక ఉపాధ్యాయురాలు, కర్నూలు